ఎద్దిగడ్డి

మన పల్లెలనుండి వచ్చు విద్యార్థులలో ఎద్దిగడ్డిని చూడనివారుండరు. పేరు తెలియకపోవచ్చును గాని, కార్తికమాసమున బీళ్లవెంట నడచివచ్చునప్పుడు లంగా యంచులకును మేజోళ్లకును గ్రుచ్చుకొని, కదలినకొలది లోనికి దిగు నల్లని సూదులు అందఱికిని తెలిసినవే. ఆ సూదులు ఈ గడ్డి గింజలు. దీనికే పందిముల్లు అనియు పేరు. ఏదుపంది ముల్లును చూచినవారికి ఆ పేరెట్లు వచ్చినదో చెప్పనక్కఱలేదు. వృక్షశాస్త్రమున దీనిని హెటెరోపోగన్ కంటార్టస్ అందురు. మొదటిమాటకు వేఱువేఱు గడ్డములు గలదనియు, రెండవదానికి మెలికలు తిరిగినదనియు అర్థము. వెన్నులో క్రిందివరుసలకు గడ్డమనదగిన తోక యుండదు, పైవరుసలకే యుండును. పేరు పెట్టినవారు చక్కగా చూచియే పెట్టిరి.

1911లో ఏర్పడి 2022లో విభజింపబడిన పాత చిత్తూరు జిల్లాలో, ముఖ్యముగా మదనపల్లె, పుంగనూరు, పలమనేరు మున్నగు పడమటి ప్రాంతములలో, ఈ గడ్డి మెండు. దీనిని పనికిమాలిన ముండ్లగడ్డియని నిందించువారు కొందఱు; వేసవిలో కొండకు నిప్పుపెట్టి దీనిపీడ వదలించుకొనగోరువారు కొందఱు. గడ్డి నడవడి తెలిసినచో ఈ రెండు పనులును మానవచ్చునని మా తలంపు.

ముందుగా గింజ సంగతి. దాని మొన సూదివలె వాడియై, వెనుకకు వంగిన గట్టి నూగుతో నుండును. మొనకు పైని రెండు మూడంగుళముల తోక గలదు. ఆ తోక అడుగుభాగము త్రాటివలె పురి తిరిగియుండును. తడి తగిలినప్పుడు పురి విడును; ఎండినప్పుడు మరల బిగియును. మంచు పడిన రాత్రియు ఎండకాసిన పగలును మాఱి మాఱి వచ్చుచుండగా, గింజ తనంతట తానే బొంగరమువలె తిరిగి మట్టిలోనికి దిగును. వెనుకకు వంగిన నూగు దానిని తిరిగి పైకి రానీయదు. మేము తరగతిలో ఒక గింజను తడిపలకమీద నుంచి చూపినప్పుడు, అది ప్రాణమున్న పురుగువలె మెదలుట చూచి పిల్లలు వెనుకకు జరిగిరి. ప్రాణముతో దానికి పనిలేదు, తేమయే చాలును. ఇట్టి గింజలు భూమిలో తమ్ము తాము పాతుకొను తీరును 1876లో ఫ్రాన్సిస్ డార్విన్ మఱియొక గడ్డి గింజలపై పరీక్షించి ప్రకటించెను. ఇతడు సుప్రసిద్ధుడగు చార్లెస్ డార్విన్ కుమారుడు.

మట్టిలోనికి దిగు నేర్పే గొఱ్ఱె చర్మములోనికి దిగుటకును తోడ్పడును. మన నెల్లూరు జాతి గొఱ్ఱెకు ఉన్ని లేదు, వెండ్రుకలే. అయినను గింజ చర్మమును దూసికొని లోనికి పోవును. నోటను, కంటను పడినచో పుండ్లు పడును. మేత తిననేరక జీవము చిక్కును. చర్మమునకు కలుగు నష్టము కాపరికి వెంటనే కానరాదు. మన యెల్ల దాటగనే రాణిపేట, ఆంబూరు, వాణియంబాడి పట్టణములలో తోళ్ల పరిశ్రమ గలదు. పదును చేసిన తోలుపై ఈ ముండ్లు చేసిన రంధ్రములు బయటపడును; రంధ్రములున్న తోలునకు ధర తక్కువ. ఆస్ట్రేలియాలో క్వీన్సులాండు తీరప్రాంతమున గొఱ్ఱెలను విడిచి పశువులను పెంచుటకు గల కారణములలో ఈ గడ్డియు నొకటి.

ఇంత కీడు చేయుదానిని మేలైన మేతయనుట యెట్లు? కాలమును బట్టి. నైరుతి ఋతుపవనపు వానలకు పాతదుబ్బులు చిగిర్చినది మొదలు వెన్ను పొట్టనుండి బయటపడువఱకు ఇది మెత్తని, పశువులు మెచ్చు గడ్డి. వెన్ను ముదిరిన పిమ్మట కాడ పుల్లయగును, మాంసకృత్తులు పడిపోవును. మేతలో మాంసకృత్తులు నూటికి సుమారు 7 పాళ్లకు తగ్గినచో, పశువు పొట్టలోని సూక్ష్మజీవులు పీచును సరిగా అరగింపజాలవు. అప్పుడు పశువు కడుపునిండ తినియు చిక్కిపోవును. కనుక నేడు కోసిన ఎండుగడ్డియు, నెల గడచిన తరువాత కోసిన ఎండుగడ్డియు ఒకే గడ్డి కాదు. మూడడుగుల యెత్తును మించని పుంగనూరు ఆవు, వెన్న మెండుగా గల పాలిచ్చుచు మన బీళ్లలో బ్రదికినది ఇట్టి గడ్డిని చిగురుటాకుగా మేసియే. ఆ జాతిని నేడు పలమనేరు పశుపరిశోధనాస్థానమువారు కాపాడుచున్నారు. దానిని పోషించిన బీడును కాపాడువారెవరని మేమడుగుచున్నాము.

బీడునకు మెట్లున్నవి. డబడ్ఘావ్, శంకరనారాయణన్ అను పండితులు 1973లో భారతదేశపు పచ్చికబయళ్లనుగూర్చి ప్రకటించిన గ్రంథమున ఈ విషయము వివరముగా నున్నది. దక్షిణాపథపు బీడు చక్కగానున్నప్పుడు నెండ్రగడ్డివంటి మేలుజాతులు ప్రబలియుండును. మేత మితిమీఱినచో అవి తగ్గి ఎద్దిగడ్డి హెచ్చును. అప్పటికిని విడువక మేపినచో ఎద్దిగడ్డియు పోయి, చీపుళ్లు కట్టుకొను గడ్డియు దానివంటి పుల్లగడ్డులును మిగులును. ఆపైన వట్టి గులకఱాయియే. కావున బీటినిండ ఎద్దిగడ్డి కనబడినచో అది నడిమిమెట్టున నున్నదని గ్రహింపవలయును. పైమెట్టునకు పోవుటయో, క్రిందిమెట్టునకు జాఱుటయో మన చేతిలోనిది.

నిప్పు పెట్టువారు బుద్ధిలేక పెట్టుటలేదు. కాలిన దుబ్బునుండి నాలుగు చినుకులకే పచ్చని మొలక వచ్చును. వేసవి చివర మేతకు మొగమువాచిన మందకు అది అమృతము. అయినను గింజ అప్పటికే మట్టిలో దాగియుండుటచే మంట దానినంటదు. పైని కప్పుగా నున్న ఎండుటాకు కాలి, నేల బయలై, ఎద్దిగడ్డి మొలకకు తావు చిక్కును. నిప్పు తఱచైనచోట ఈ గడ్డి బలియుట హవాయిదీవులలోను, ఆస్ట్రేలియాలోను కనుగొనిరి. ముల్లును కాల్చబోయి ముల్లునే విత్తుచున్నారన్నమాట! మొదటి జడివానకు పోవు మట్టి లెక్క వేఱు.

గడ్డి విలువ మన పెద్దలకు తెలియనిది కాదు. పుల్లరియను మాటయే గడ్డిపన్ను అను నర్థము గలది. పల్నాటిలో 1921-22 సంవత్సరములలో రైతులు ఆ పన్ను చెల్లింపమని నిలిచిరి. 1922లో కన్నెగంటి హనుమంతు తుపాకిగుండ్లకు బలియయ్యెను. అంతటి వెలగల మేత పోరంబోకును నేడు గ్రామమే పట్టించుకొనక, ఒకరు దున్నుకొనుటయు మఱొకరు మట్టి త్రవ్వుకొనుటయు చూచుచుండుట విచారకరము.

చేయవలసినది కష్టము కాదు గాని కట్టుబాటు కావలెను. ఒక్కని మంద కట్టు తప్పినను తక్కినవారి శ్రమ వ్యర్థము. బీటిని మూడు నాలుగు పాళ్లుగా పంచి, ఏటికొక పాలు చొప్పున వానకాలమంతయు మేతకు మూసియుంచవలెను. ఆ పాలిలో నెండ్రగడ్డి గింజపట్టి రాల్చుకొనును. తక్కిన పాళ్లలో వెన్ను రాకముందే గొఱ్ఱెలను మేపవలెను. లేదా, నేలకు బెత్తెడు మోడు విడిచి కోసి, నీడన ఆరబెట్టి, వామి వేసికొనవలెను. సూదులు నల్లబడు కాలమున గొఱ్ఱెలను బీటిలోనికి తోలరాదు. మన అదృష్టమేమనగా, వానకు పండించు వేరుసెనగ పెఱుకుటయు సుమారుగా అప్పుడే. మందలను ఆ చేలలో నిలిపినచో గొఱ్ఱెకు మేత, చేనికి ఎరువు. సూదులు రాలిపోయిన పిమ్మట ముదురుగడ్డిని పశువులు కొంత మేయును. మిగిలినది కొట్టములు కప్పుకొనవచ్చును. హవాయిలో పూర్వము ఇండ్లు కప్పినది ఈ గడ్డితోనే. మనవారికి బోద యుండగా దీని యవసరము అంతగా కలుగలేదు.

బోడిపడిన చోట్ల మొలిపింపదలచినవారు, తోకలు పెనవేసికొని ఉండలుకట్టిన గింజలను ఏరి, సంచిలో పోసి మఱునాటి ఏటివఱకు పొడిచోట దాచవలెను. క్రొత్తగింజ కొన్ని నెలలు నిద్రించునుగాని మొలవదు. తొలకరికి ముందు నేలను ముండ్లకంపతో గీఱి, ఉండలను విదిలించి చల్లిన చాలును. కప్పనక్కఱలేదు, పాతుకొను పని అవే చేసికొనును.