క్వార్టర్స్ హాల్లో హోమ్ థియేటర్

మా క్వార్టర్స్ హాలు 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు. కింద టైల్స్, ఒకపక్క గోడ లేకుండా వంటగది, వెనక గోడకు ఆనుకుని సోఫా. అమ్మకు వినికిడి తగ్గింది. సినిమాలో మాటలు ఆవిడకు తెలియాలి, నాకు అదే ముఖ్యం.

5.1 సెట్టు కొంటే వెనక స్పీకర్లు సరిగ్గా చెవి పక్కనే మోగుతాయి. అందుకే 3.1 సౌండ్‌బార్ తీసుకున్నాను. 5.1 సినిమాల్లో సంభాషణలు ఎక్కువగా మధ్య స్పీకరు నుంచే వస్తాయి, అది ఇందులోనూ ఉంది. సబ్‌వూఫర్‌ను గది మూలన పెడితే బేస్ పెరిగిపోయి మాటల్ని మింగేస్తుంది. కాస్త ఇవతలికి జరిపాను (కింది ఫ్లాటులో మా మేనేజరుగారే ఉంటారు మరి!).

టైల్స్ మీద తివాచీ, కిటికీలకు మందపాటి కర్టెన్లు వేశాక గింగురుమనే మోత తగ్గింది. మీరైతే ముందు వీటికే ఖర్చు పెట్టండి. బదిలీ వచ్చినా రెండు పెట్టెల్లో సర్దేయవచ్చు.