మాటలు ఆలస్యమైతే ముందు వినికిడి చూపించండి



"బాబుకు రెండేళ్ళు నిండాయి సిస్టర్, ఇంకా మాటలు రాలేదు. వాళ్ళ మేనమామకూ ఆలస్యంగానే వచ్చాయట, వీడికీ వస్తాయిలే అని ఊరుకున్నాం." పిల్లల ఓ.పి.లో తరచుగా వినిపించే మాట ఇది. మాటలు ఎలా వస్తాయో తెలిస్తే, ఎప్పుడు వేచి ఉండవచ్చో, ఎప్పుడు ఉండకూడదో మీకే అర్థమవుతుంది.

మాట కంటే ముందు వినికిడి

సుమారు ఏడవ నెల నాటికే గర్భంలోని బిడ్డ శబ్దాలు వింటుంది. పుట్టిన కొద్ది రోజులకే తల్లి గొంతు గుర్తుపడుతుంది. కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ 1984లో ప్రచురించిన పరిశోధనలో, ఇంగ్లీషు ఇళ్ళలో పెరిగే ఆరు నుండి ఎనిమిది నెలల పిల్లలు కూడా 'త', 'ట' వంటి హిందీ శబ్దాల తేడాను పసిగట్టారు. ఏడాది దగ్గర పడేసరికి ఆ శక్తి చాలావరకు తగ్గిపోయింది. అంటే మొదటి ఏడాదిలోనే బిడ్డ చెవి ఇంటి భాషకు అలవాటు పడుతుంది. వినికిడి లేని బిడ్డకు ఆ విలువైన కాలం వృథా అవుతుంది.

అర్థం ఎలా తెలుస్తుంది?

పలకడానికి ముందే బిడ్డ ఎన్నో మాటలు గ్రహిస్తుంది. "ఫ్యాన్ ఏది?" అంటే పైకి చూస్తుంది. ఏడాది నాటికి మీరు చూసిన వైపు చూస్తుంది, తనకు నచ్చినది వేలితో చూపిస్తుంది. అప్పుడే దాని పేరు చెబితే మాట, వస్తువు జతపడతాయి. తెలిసిన పళ్ళెం, గ్లాసు పక్కన పేరు తెలియని గరిటె పెట్టి "గరిటె ఇవ్వు" అనండి. రెండేళ్ళ బిడ్డ చాలాసార్లు గరిటెనే అందిస్తుంది. కొత్త మాట కొత్త వస్తువుదే అని ఊహిస్తుంది.

మొదట్లో మాటకు హద్దులు తెలియవు. కుక్కను "బౌబౌ" అన్న బిడ్డ మేకనూ, దూడనూ అలాగే అంటుంది. తల నెరిసినవారందరినీ "తాత" అంటే మురిసిపోతాం, మీసమున్న ప్రతివారినీ "నాన్న" అంటే నవ్వుతాం. బిడ్డకు రెండూ ఒకటే లెక్క. మూడేళ్ళ బిడ్డకు గడిచిపోయినదంతా "నిన్న"యే. ఇవి లోపాలు కావు. ఎగతాళి చేయకుండా "అది మేక, మే మే అంటుంది" అని చెబితే చాలు.

ఏ వయసుకు ఏమి?

• 2-3 నెలలు: ఉంగా ఉంగా అనడం
• 6-9 నెలలు: బబబ, తతత అనడం
• 1 సంవత్సరం: పేరు పిలిస్తే తిరగడం, ఒకటి రెండు మాటలు
• 2 సంవత్సరాలు: "అమ్మా రా" వంటి జంట మాటలు
• 3 సంవత్సరాలు: చిన్న వాక్యాలు, పరాయివారికీ చాలావరకు అర్థం కావడం

కొద్దిగా ముందువెనుకలు సహజమే. అయితే ఏడాదికి పేరు పిలిచినా తిరగకపోయినా, ఏడాదిన్నరకు ఒక్క మాటైనా లేకపోయినా, రెండేళ్ళకు రెండు మాటలు కలపకపోయినా, వచ్చిన మాటలు పోయినా వెంటనే తీసుకురండి.

గుర్తుంచుకోండి

వినికిడి లేని పిల్లలు కూడా మొదటి నెలల్లో ఉంగా అంటారు. పళ్ళెం మోగిస్తే కదలికను చూసి తిరగవచ్చు. కనుక ఇంటి పరీక్షతో తృప్తిపడకండి. పుట్టిన నెలలోపు వినికిడి పరీక్ష, మూడు నెలలలోపు నిర్ధారణ, ఆరు నెలలలోపు వినికిడి యంత్రం వంటి సహాయం అందాలి. మేనరికం, నెలలు నిండని కాన్పు, తీవ్రమైన కామెర్లు, మెదడువాపు ఉన్నచోట మరింత జాగ్రత్త అవసరం. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద అంగన్‌వాడీ పిల్లలకు ఉచిత పరీక్షలు ఉన్నాయి.

వస నాకిస్తే మాటలు రావు, వాంతులు కావచ్చు. చెవిలో నూనె పోయకండి. ఇంట్లో రెండు భాషలున్నా భయం లేదు. ఏడాదిలోపు బిడ్డకు టీవీ, సెల్‌ఫోన్ అసలు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. ఫోను జవాబు చెప్పదు, మీరు చెబుతారు. స్నానం చేయించేటప్పుడు, బువ్వ తినిపించేటప్పుడు చేసే పనిని మాటల్లో చెప్పండి. బిడ్డ "ఊ" అంటే మీరూ జవాబివ్వండి.

అనుమానం కలిగితే మాటల కోసం ఎదురుచూడకండి. ముందు వినికిడి పరీక్ష చేయించండి.