గోలుకు గురి – గురికి కొలత

ఫుట్‌బాల్ క్రీడలో తొంభై నిమిషాల శ్రమ ఫలితం తరచు ఒక్క షాట్‌తో తేలిపోతుంది. అట్టి షాట్ కొట్టగల నేర్పును గుర్తించడం ఎలా? "వాడి కాలిలో బలముంది" అన్న ఒక్క మాటతో ఎంపిక ముగించే అలవాటు మన మైదానాలలో ఇంకా పోలేదు. చిన్న యంత్రభాగాన్ని సైతం కొలవనిదే అంగీకరించని మనం, పిల్లల ప్రతిభను మాత్రం కంటిచూపుతో తేల్చివేయడం న్యాయమా?

గోలు వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు, వైశాల్యం దాదాపు 18 చదరపు మీటర్లు. అయితే గోల్‌కీపర్ నిలిచిన పిదప విలువైనవి నాలుగు మూలలే. మోర్, క్రిస్టియన్ అనే పరిశోధకులు 1979లో ప్రకటించిన పరీక్షకు ఇదే ఆధారం. మూలలలో నాలుగు అడుగుల వ్యాసం గల వలయాలను అమర్చి, 16.5 గజాల దూరం నుండి ఒక్కొక్క వలయానికి నాలుగేసి చొప్పున 16 షాట్లు కొట్టిస్తారు. చెప్పిన వలయానికి తగిలితే 10 మార్కులు, పక్క వలయానికి తగిలితే 4. ఖరీదైన పరికరాలేవీ అక్కరలేదు.

గురితోపాటు వేగమూ ముఖ్యమే. గాలి నిరోధాన్ని విడిచిపెడితే, గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బంతి 11 మీటర్ల పెనాల్టీ దూరాన్ని సుమారు 0.50 సెకనులో దాటుతుంది. 100 కిలోమీటర్ల వేగమైతే 0.40 సెకను చాలు. ఆ పదోవంతు సెకనే గోల్‌కీపర్‌కు ప్రాణం. వేగాన్ని రాడార్ గన్‌తో కొలవవచ్చును గాని, దానిని బంతి మార్గానికి సూటిగా నిలపాలి. 30 డిగ్రీలు పక్కకు ఉంటే 90 కిలోమీటర్ల వేగం 78గా కనిపిస్తుంది.

ఆటలో బంతి కదలక కూర్చోదు, ప్రత్యర్థి ఊరకుండడు. అందుకే ఇంగ్లండులోని లఫ్‌బరో పేరిట 2007లో వెలువడిన షూటింగ్ పరీక్షలో గురి, బంతి వేగాలతోపాటు, ఆటగాడు తీసుకున్న కాలాన్ని కూడా లెక్కించారు.

అన్నింటికంటె మించినది విశ్వసనీయత. సగం షాట్లను గురికి కొట్టగల సమాన నైపుణ్యం గల ఇద్దరు బాలురను ఊహించుకొనండి. పది షాట్ల పరీక్షలో వారిలో ఎవరికైనా ఏడు లేదా అంతకు మించి తగిలే అవకాశం సుమారు 17 శాతం. మూడు లేదా అంతకు తక్కువ తగిలే అవకాశమూ అంతే. అనగా ఒకడు వీరుడిగా, రెండవవాడు అసమర్థుడిగా తేలడానికి కేవలం యాదృచ్ఛికత చాలును! అదే నలభై షాట్లు కొట్టిస్తే, 28 లేదా అంతకు మించి తగిలే అవకాశం ఒక్క శాతానికి లోబడుతుంది. ఒక్క ఉదయపు పది షాట్లతో ఇంటికి పంపబడిన బాలుడు మరల బంతి ముట్టకపోవచ్చును. ఆ నష్టం ఏ పట్టికలోనూ కనిపించదు.

కనుక మన టౌన్‌షిప్ జట్టు ఎంపికలో నాలుగు వేర్వేరు రోజులలో పదేసి షాట్లు, రెండు కాళ్లతోనూ కొట్టించి, ఫలితాలను నమోదు చేయడం ఉచితం. రెండు తాళ్లు, నాలుగు వలయాలు, ఒక నోటుపుస్తకం ఇందుకు చాలును. కొలత అన్నది పిల్లలను వడపోసే జల్లెడ కారాదు. నిన్నటికంటె నేడు ఎంత మెరుగుపడ్డారో వారికి చూపే అద్దం కావాలి.