గర్భాశయానికీ ఒత్తిడి పరీక్ష

కొత్త బాయిలరునైనా, మరమ్మతు చేసిన పైపులైనునైనా ఒత్తిడి పరీక్ష జరపకుండా పనిలోకి దింపరాదన్న నియమం మన కర్మాగారాలలో అందరికీ తెలిసినదే. లోపల నీరు నింపి, నిర్ణీత పీడనానికి తెచ్చి, గేజి ముల్లు నిలకడగా ఉన్నదా అని చూస్తాము. ముల్లు దిగితే ఎక్కడో లీకు ఉన్నదన్నమాట. స్త్రీల చికిత్సలలోను ఈ సూత్రం ప్రాణరక్షణకు ఉపకరిస్తున్నది. మన ఇండ్లలోని స్త్రీలలో అనేకులకు ఏదో ఒక వయసులో ఇట్టి చికిత్సలు అవసరమవుతాయి కనుక, ఆ సంగతి అందరూ తెలుసుకోదగినది.

గర్భం లేనప్పుడు గర్భాశయం సుమారు 7.5 సెంటీమీటర్ల పొడవు గల కండర సంచి. కాపర్-టి అమర్చడానికి, డి అండ్ సి చేయడానికి, హిస్టిరోస్కోపుతో లోపల పరిశీలించడానికి వైద్యులు ముఖద్వారం గుండా సాధనాలను పంపుతారు. అరుదుగా వాటి మొన గోడను చీల్చుకొని అవతలికి పోతుంది. కాపర్-టి విషయంలో ఇది సుమారు వెయ్యిమందిలో ఒకరికి జరుగుతుంది. ఇటీవల ప్రసవించినవారికి, పాలిచ్చే తల్లులకు, గర్భాశయం బాగా వెనుకకు వంగి ఉన్నవారికి, ముట్లుడిగిన పిదప ముఖద్వారం బిగిసినవారికి ముప్పు కొంత అధికం.

అందుచేత వైద్యులు ముందుగా చేతితో పరీక్షించి గర్భాశయం ఏ వైపునకు వంగి ఉన్నదో గ్రహిస్తారు. పిదప మొద్దు మొన గల సన్నని కొలకడ్డీతో లోతు కొలుస్తారు. తరువాత పంపే ఏ సాధనమైనా ఆ కొలతను మించి, అడ్డు తగలకుండా లోపలికి జారితే, రంధ్రం పడినదని అనుమానించి పని ఆపివేస్తారు.

హిస్టిరోస్కోపీలో సెలైను ద్రవంతో గర్భాశయాన్ని ఉబ్బించి చూస్తారు. పంపినదెంత, తిరిగి వచ్చినదెంత అని జమాఖర్చు వ్రాస్తారు. కొంత ద్రవం రక్తనాళాలలోకి ఇంకడం సహజమే. ఆరోగ్యవంతురాలికి సైతం 2,500 మిల్లీలీటర్ల లోటు వస్తే చికిత్స ముగించాలి. లోటు హఠాత్తుగా పెరిగినా, గర్భాశయం ఉబ్బి నిలవకపోయినా రంధ్రం ఉన్నదేమోనని వెదకాలి.

అచ్చంగా మన ఒత్తిడి పరీక్షను పోలినది మరొకటి ఉన్నది. అధిక రక్తస్రావానికి గర్భాశయపు లోపొరను విద్యుచ్ఛక్తితో మాడ్చే నోవాష్యూర్ పరికరాన్ని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2001లో అనుమతించినది. ఇది ముందుగా కార్బన్ డయాక్సైడు వాయువును లోపలికి పంపుతుంది. పీడనం 50 మిల్లీమీటర్ల పాదరసం వద్ద 4 సెకన్లు నిలిస్తేనే మాడ్చే దశకు అనుమతిస్తుంది. నిలవకుంటే వాయువు ముఖద్వారం వద్దనే జారిపోతున్నదేమో మొదట చూస్తారు; మనము ఫ్లాంజి జాయింటును ముందుగా చూచినట్లే. అక్కడ లోపం లేకున్నా పరీక్ష తప్పితే చికిత్స మానుకోవాలి.

అయితే గేజి నిలిచినంత మాత్రాన నిశ్చింత తగదు. ప్రేగుగాని, ఉదరంలోని కొవ్వుపొరగాని రంధ్రానికి అడ్డుపడితే లీకు బయటపడదు. మొద్దు మొనతో పడిన చిన్న రంధ్రం పలుమార్లు పరిశీలనలో ఉంచితే దానంతటదే మానుతుంది. వాడి సాధనమో, వేడియో అవతలికి పోయి ప్రేగును గాయపరిస్తే మాత్రం ప్రాణాపాయం. వేడిగాయం కొన్ని రోజులు గడిచిన పిదప బయటపడవచ్చును.

కనుక చివరి పరీక్ష ఇంటివద్దనే జరుగుతుంది. చికిత్స తరువాత స్వల్పమైన నొప్పి సహజం. అది తగ్గుటకు బదులు పెరుగుతున్నా, జ్వరం, వాంతులు, కడుపుబ్బరం, కళ్లు తిరగడం, అధిక రక్తస్రావం కనిపించినా ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్లాలి. మన స్త్రీలు ఇంటిపనికి ఆటంకమని నొప్పిని దాచుకొంటారు; కుటుంబసభ్యులే గమనించి అడగాలి. వేరొక వైద్యుని వద్దకు వెళ్లినా, జరిగిన చికిత్స పేరు, తేదీ తప్పక చెప్పాలి. డిశ్చార్జి కాగితం వెంట తీసుకొనిపోవాలి.