నరములో పారునది తీగలోని కరెంటు కాదు

మోచేయి తలుపు అంచునకు తగిలినప్పుడు చిటికెనవ్రేలి దాక జివ్వుమని ప్రాకు బాధను మనవారు 'కరెంటు కొట్టినట్లున్నది' అందురు. ఉపమానముగా అది చక్కనిదే; కాని దానిని పట్టుకొని నరమనగా రాగితీగయనియు, మెదడనగా విద్యుత్కేంద్రమనియు నిశ్చయించుకొన్నవారు చదువరులలో సైతము కలరు.

రాగితీగలో కదలునవి ఎలక్ట్రానులు. నరతంతువులోనో, సోడియము, పొటాసియముల అయానులు తంతువు పైపొరయగు త్వచమునకు అడ్డముగా దాటుచుండును. ఒకచోట త్వచములోని సోడియపు ద్వారములు తెరచుకొనగా అచటి వోల్టేజి మార్పు పొరుగు ద్వారములను తెరపించును, అవి తమ పొరుగువానిని తెరపించును. ఇట్లు అంచెలంచెలుగా సాగు వార్త మెఱుపువేగమున పోజాలదు. 1850 ప్రాంతమున శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్స్ కప్పనరములో కొలిచిన వేగము సెకనుకు సుమారు 27 మీటర్లు. మనుష్యునిలో మిక్కిలి వడిగల తంతువులలోనైనను అది 120 మీటర్ల ప్రాంతమే.

ఇంతకంటె మొండిది మఱియొక అపోహ. సోడియము–పొటాసియము పంపు అను అయానుల తోడుయంత్రము ప్రతి స్పందనము (అనగా నరమున సాగు ప్రతి వార్త) వెంబడిని పనిచేసి నరమును పూర్వస్థితికి తెచ్చునని విద్యార్థులు పరీక్షలలో వ్రాయుదురు, మార్కులును పడును! 1957లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు స్కౌ పీత నరములనుండి వెలికిదీసిన ఈ పంపు శక్తినిచ్చు ఏటీపీ అణువు నొకదానిని ఖర్చుచేసి మూడు సోడియములను వెలికిద్రోసి రెండు పొటాసియములను లోనికి లాగును, అది నిజము. అయితే డాబామీది ట్యాంకును తలచుకొనుడు. మోటారు ట్యాంకును నింపును. కొళాయి త్రిప్పినప్పుడు వచ్చు ధార ఆ క్షణమున మోటారు తోడినది కాదు, మోటారు కట్టివేసినను ట్యాంకు ఖాళీయగువఱకు నీరు వచ్చుచునేయుండును. హాడ్జ్‌కిన్, కీన్స్ అను ఇద్దఱు శాస్త్రజ్ఞులు 1955లో సముద్రజీవుల నరతంతువులకు డైనైట్రోఫినాలు అను విషమును పట్టించి పంపును స్తంభింపజేసిరి. ఆ తంతువులు ఆ పిమ్మటను పెక్కు స్పందనములను నడపినవి. స్క్విడ్ అను సముద్రజీవి యొక్క లావైన తంతువు ఒక స్పందనమునకు వెచ్చించు పొటాసియము దాని నిల్వలో సుమారు పదిలక్షలవ వంతు మాత్రమే. స్పందనానంతరము వోల్టేజిని దించునది సోడియపు ద్వారములు మూతపడుటయు, పొటాసియపు ద్వారములు తెరచుకొనుటయు. పంపు పని దీర్ఘకాలికమైన నిల్వను కాపాడుట.

ద్వారమనగా జల్లెడవంటిదనియు, చిన్నవి దూరిపోవును, పెద్దవి నిలిచిపోవుననియు తలచుట సహజమే. కాని సోడియము పొటాసియము కంటె చిన్నది. ఐనను పొటాసియపు ద్వారము దానిని రానీయదు. దీని రహస్యమును 1998లో శాస్త్రజ్ఞుడు మెకినన్ స్ఫటికచిత్రమున చూపెను. నీటిలో నున్న అయానును నీటియణువులు చుట్టుకొనియుండును. ద్వారపు ఇఱుకులో ఆ నీటిని విడువవలెను. అచట వరుసదీరిన ఆక్సిజను పరమాణువులు పొటాసియమునకు నీటి లోటు తెలియనీయక నలుదిక్కుల హత్తుకొనును. చిన్నదగు సోడియమునకు ఆ కౌగిలి వదులు, కనుక నీటిని విడుచుట దానికి నష్టము. సెకనుకు కోటి అయానులను సాగనంపుచునే ఇంత ఎంపిక చేయు ఈ ప్రోటీనును జల్లెడ యనుట దానిని అవమానించుటయే.

ఇక పంటి వైద్యుని మత్తుసూది. అది మెదడునకు మత్తెక్కించుననియు, నరమును చంపుననియు కొందఱు వెఱతురు. నిజమునకు ఆ సూదిలోని మందగు లిగ్నోకైను త్వచమును దాటి లోనికిపోయి, లోపలివైపు నుండి సోడియపు ద్వారములను అడ్డగించును. నరము బ్రతికియే యుండును, వార్త మాత్రము దాటదు, కొన్ని గంటలలో తిమ్మిరి వదలును. చీముపట్టి వాచిన చిగురు ఆమ్లగుణము గలదగుటచే మందులో అధికభాగము విద్యుదావేశమును పొంది త్వచమును దాటజాలదు. అట్టిచోట మత్తు సరిగా ఎక్కకున్నచో వైద్యుని నిందింపకుడు. వాపు ముదురకమునుపే ఆయన కడకు పొండు.