చిట్టా నిండిపోయిన రాత్రి

రాత్రి పదకొండింటికి ఫోను. మందుల హోల్‌సేల్ షాపు కుర్రాడు. "సార్, బిల్లు పడట్లేదు. ఏదో 9002 అంటోంది." నంబరు వినగానే అర్థమైంది, ఎస్‌క్యూఎల్ సర్వర్ లాగ్ నిండిపోయింది. వెళ్లి చూస్తే డేటా 6 జీబీ, లాగ్ 180 జీబీ. పిట్ట కొంచెం, కూత ఘనం!

మా నాన్న కొట్లో ముందు చిట్టా రాసి, తీరిగ్గా ఆవర్జాకి ఎక్కించేవాడు. సర్వరూ అంతే. ప్రతి మార్పునీ ముందు లాగ్‌లో రాసుకుంటుంది. నడుమ కరెంటు పోతే ఆ లాగ్ చూసే లెక్క సరిచేసుకుంటుంది.

"డిలీట్ చేసేద్దామా సార్?"

"వద్దు బాబూ, సగంలో ఉన్న లెక్కలన్నీ అందులోనే ఉన్నాయి."

రోజూ బ్యాకప్ తీస్తున్నామన్నాడు. నిజమే, కానీ అది డేటాబేస్ బ్యాకప్. ఫుల్ రికవరీలో ఉన్నప్పుడు అది లాగ్‌ని ఖాళీ చేయదు, లాగ్‌కి వేరే బ్యాకప్ తీయాలి. ఎంతమంది ఇక్కడే బోల్తా పడతారో! ఒక్కోసారి ఎవరో తెరిచి వదిలేసిన ట్రాన్సాక్షన్ కూడా లాగ్‌ని పట్టి ఉంచుతుంది. ఇక్కడ అది లేదు.

బయటి డిస్కు తగిలించి లాగ్ బ్యాకప్ తీశాం. అయినా ఫైలు 180 దగ్గరే ఉంది. సరుకు తీసినంత మాత్రాన గోదాం గోడలు దగ్గరికి జరగవు కదా. ష్రింక్‌ఫైల్ కమాండ్ మొదటిసారి కొంచెమే తగ్గించింది, ఫైలు చివర్లో ఇంకా వాడుకలో ఉన్న ముక్క ఉంది. ఇంకో లాగ్ బ్యాకప్ తీసి మళ్లీ ష్రింక్ చేశాక 4 జీబీకి దిగింది. రోజూ ష్రింక్ చేసేవాళ్లంటే నాకు చిరాకు. ఫైలు మళ్లీ పెరగాల్సిందే, పెరిగేటప్పుడు బిల్లులు ఆగాల్సిందే.

పావుగంటకోసారి లాగ్ బ్యాకప్ పడేలా పెట్టి, వాళ్లిచ్చిన చల్లారిన టీ తాగి ఇంటికొచ్చాను.