థైరాయిడ్ ఎక్కువైతే ఎలా తెలుస్తుంది? మనిషికైనా, ఇంట్లో పిల్లికైనా ఏ పరీక్షలు చేయించాలి? ఎక్కడికి వెళ్లాలి?

‘థైరాయిడ్ ఉంది’ అనగానే చాలామందికి గుర్తొచ్చేది ఒళ్లు రావడం, నీరసం, పొద్దున్నే పరగడుపున వేసుకునే మాత్ర. కానీ ఇదే గ్రంథి దీనికి పూర్తిగా ఎదురు దిశలోనూ ఇబ్బంది పెడుతుంది. బాగా తింటున్నా మనిషి చిక్కిపోతారు. కూర్చున్నచోటే గుండె దడదడలాడుతుంది. కాఫీ గ్లాసు పట్టుకుంటే చేయి వణుకుతుంది. ఏసీలో ఉన్నా చెమటలు పడతాయి.

దీన్నే హైపర్‌థైరాయిడిజం అంటారు. థైరాయిడ్ తక్కువగా పనిచేస్తే వచ్చేది హైపోథైరాయిడిజం. పేర్లు దాదాపు ఒకేలా వినిపిస్తాయి కానీ ఒకదాని మందు ఇంకొకదానికి ప్రమాదం. ‘నీకూ థైరాయిడేగా, నా మాత్ర వేసుకో’ అని పక్కింటివారు ఇచ్చిన థైరాక్సిన్ వేసుకుంటే, అప్పటికే పరుగులు పెడుతున్న గుండెను ఇంకా తరిమినట్లే.

ఈ సమస్య మనుషులకే కాదు, ఇంట్లో పెంచుకునే పిల్లులకూ వస్తుంది. కుక్కలకు మాత్రం అరుదు. ఎలా గుర్తించాలి, ఏ పరీక్షలు అడగాలి, ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఏం దొరుకుతుంది? ఒక్కొక్కటిగా చూద్దాం.

అసలు ఏం జరుగుతుంది?

గొంతు ముందు భాగంలో సీతాకోకచిలుక ఆకారంలో ఉండే చిన్న గ్రంథి థైరాయిడ్. ఇది టీ3, టీ4 అనే హార్మోన్లను విడుదల చేస్తుంది. శరీరం ఎంత వేగంతో పనిచేయాలో ఇవే నిర్ణయిస్తాయి. ఎంత తయారుచేయాలో మెదడు కింద ఉండే పిట్యుటరీ గ్రంథి టీఎస్‌హెచ్ అనే హార్మోన్ ద్వారా చెబుతుంది. థైరాయిడ్ అతిగా పనిచేస్తుంటే పిట్యుటరీ ‘ఇక చాలు’ అన్నట్లు టీఎస్‌హెచ్‌ను బాగా తగ్గించేస్తుంది.

రిపోర్టులో చాలామంది తికమకపడేది ఇక్కడే. టీఎస్‌హెచ్ తక్కువగా ఉంటే థైరాయిడ్ తక్కువగా ఉన్నట్లు కాదు. టీఎస్‌హెచ్ తక్కువ, టీ3, టీ4 ఎక్కువ అని వస్తే అది హైపర్‌థైరాయిడిజం.

ఎందుకు వస్తుంది?

ఎక్కువమందిలో కారణం గ్రేవ్స్ వ్యాధి. శరీర రక్షణ వ్యవస్థ పొరపాటున థైరాయిడ్‌ను ఉసిగొల్పే యాంటీబాడీలను తయారుచేస్తుంది. మగవారి కంటే ఆడవారిలో ఇది చాలా ఎక్కువ. కొందరిలో కళ్లు ఉబ్బి ముందుకు పొడుచుకొస్తాయి. పొగతాగేవారిలో ఈ కంటి సమస్య మరింత ముదురుతుంది.

థైరాయిడ్‌లో ఏర్పడే గడ్డలు సొంతంగా హార్మోన్ తయారుచేయడం మరో కారణం. ప్రసవం తర్వాత లేదా వైరల్ జ్వరం తర్వాత గ్రంథి వాచి, అందులో నిల్వ ఉన్న హార్మోన్ రక్తంలోకి కారిపోవడాన్ని థైరాయిడైటిస్ అంటారు. ఇది చాలావరకు కొన్ని వారాల నుంచి నెలల్లో దానంతటదే తగ్గుతుంది. థైరాక్సిన్ మాత్ర మోతాదు ఎక్కువైనా ఇవే లక్షణాలు కనిపిస్తాయి.

పెద్దవాళ్లలో ఎందుకు ఆలస్యంగా బయటపడుతుంది?

అరవై దాటినవారిలో వణుకు, కంగారు అంతగా కనిపించకపోవచ్చు. బరువు తగ్గడం, నీరసం, ఆయాసం మాత్రమే ఉండొచ్చు. ‘వయసు కదా’ అని ఇంట్లోవాళ్లు వదిలేస్తారు. కానీ లోపల గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ మొదలై ఉండొచ్చు. అది పక్షవాతానికి దారితీసే ప్రమాదం ఉంది. ఎముకలు కూడా బలహీనపడతాయి. అందుకే పెద్దవారిలో కారణం తెలియకుండా బరువు తగ్గినా, నాడి అదుపు తప్పినా టీఎస్‌హెచ్ పరీక్ష అడగాలి.

ఏ పరీక్షలు చేస్తారు?

మొదట టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4, టీ3 రక్తపరీక్షలు. అవి హైపర్‌ను చూపిస్తే కారణం తెలుసుకోవడానికి గ్రేవ్స్ యాంటీబాడీల పరీక్ష, లేదా న్యూక్లియర్ మెడిసిన్ విభాగంలో థైరాయిడ్ స్కాన్ చేస్తారు. గ్రేవ్స్ అయితే గ్రంథి మొత్తం వెలుగుతుంది. గడ్డ అయితే ఆ ఒక్క చోటే కనిపిస్తుంది. థైరాయిడైటిస్ అయితే దాదాపు ఏమీ కనిపించదు. ఈ తేడా ముఖ్యం. ఎందుకంటే థైరాయిడైటిస్‌కు థైరాయిడ్‌ను అణిచే మాత్రలు పనిచేయవు. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు సంబంధించి స్కాన్‌కు ముందే డాక్టర్‌కు చెప్పాలి. గర్భిణులకు ఈ స్కాన్ చేయరు.

రెండు జాగ్రత్తలు. జుట్టు, గోళ్ల కోసం బయోటిన్ మాత్రలు వాడుతుంటే కొన్ని ల్యాబ్ యంత్రాల్లో ఫలితం తప్పుగా, అచ్చం హైపర్ ఉన్నట్లే రావొచ్చు. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపాలి. అధిక మోతాదు వాడుతుంటే ఇంకా ముందే ఆపాల్సి రావొచ్చు. అలాగే గర్భం మొదటి మూడు నెలల్లో టీఎస్‌హెచ్ సహజంగానే కాస్త తగ్గుతుంది. దాన్ని చూసి వెంటనే మందు మొదలుపెట్టరు.

చికిత్స ఎలా?

మూడు దారులున్నాయి.

1. మాత్రలు: మన దగ్గర ఎక్కువగా వాడేది కార్బిమజోల్. ఇది జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉంది. గ్రేవ్స్‌కు సాధారణంగా 12 నుంచి 18 నెలలు వాడాలి. దడ, వణుకు తగ్గడానికి తొలి వారాల్లో ప్రొప్రనలాల్ లాంటివి ఇస్తారు. ఆస్తమా ఉంటే ముందే చెప్పాలి. కోర్సు పూర్తయి మాత్రలు ఆపాక దాదాపు సగం మందిలో సమస్య మళ్లీ వస్తుంది. కాబట్టి ఆ తర్వాతా పరీక్షలు తప్పవు.

2. రేడియోఅయోడిన్: క్యాప్సూల్‌గానో ద్రవంగానో మింగిస్తారు. అతిగా పనిచేస్తున్న కణాలను ఇది నెమ్మదిగా నశింపజేస్తుంది. 1941లో అమెరికాలోని బోస్టన్‌లో మొదలైన ఈ చికిత్స ఇప్పటికీ వాడుకలో ఉంది. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు ఇవ్వరు. తీసుకున్నాక కనీసం ఆరు నెలలు గర్భం రాకుండా చూసుకోవాలి. కొన్ని రోజులు చిన్నపిల్లలకు, గర్భిణులకు దూరంగా ఉండాలి. పెంపుడు పిల్లిని, కుక్కను పక్కలో పడుకోబెట్టుకోకూడదు. ఆ తర్వాత చాలామందికి థైరాయిడ్ తక్కువై జీవితాంతం థైరాక్సిన్ అవసరమవుతుంది.

3. ఆపరేషన్: గ్రంథి బాగా పెద్దదైనా, క్యాన్సర్ అనుమానం ఉన్నా చేస్తారు. గొంతు మారడం, కాల్షియం పడిపోవడం లాంటి ఇబ్బందులు కొందరికి రావొచ్చు. అందుకే ఈ ఆపరేషన్లు తరచూ చేసే సర్జన్‌ను ఎంచుకోవడం మంచిది.

ఈ ఒక్కటీ మరిచిపోవద్దు

కార్బిమజోల్ వాడుతున్నప్పుడు జ్వరం, గొంతునొప్పి, నోటిపూత వస్తే పారాసెటమాల్ వేసుకుని ఊరుకోకూడదు. అరుదుగా ఈ మందు తెల్ల రక్తకణాలను ప్రమాదకరంగా తగ్గిస్తుంది. మాత్ర ఆపి, అదే రోజు సీబీసీ పరీక్ష చేయించుకుని డాక్టర్‌ను కలవాలి. కళ్లు పచ్చబడినా అంతే. గర్భం కోసం ప్రయత్నిస్తున్నా, నెల తప్పినా వెంటనే చెప్పాలి. తొలి మూడు నెలల్లో మందు మార్చాల్సి ఉంటుంది. ఇవేవీ లేకుండా ‘ఇప్పుడు బాగానే ఉందిలే’ అని మధ్యలో ఆపేయడమూ ప్రమాదమే. తీవ్ర జ్వరం, అతివేగంగా గుండె కొట్టుకోవడం, వాంతులు, మాట తడబడటం కలిసి వస్తే అది ప్రాణాపాయ స్థితి. 108కి ఫోన్ చేయాలి.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఎక్కడ?

హైదరాబాద్‌లో బస్తీ దవాఖానాతో మొదలుపెట్టొచ్చు. తెలంగాణ డయాగ్నొస్టిక్స్ కింద డాక్టర్ రాసిన రక్తపరీక్షలకు నమూనా తీసుకుని ల్యాబ్‌కు పంపుతారు, డబ్బులు తీసుకోరు. హార్మోన్ నిపుణుల కోసం ఉస్మానియా ఆసుపత్రి, నిమ్స్‌లలో ఎండోక్రైనాలజీ విభాగాలున్నాయి. నిమ్స్‌లో న్యూక్లియర్ మెడిసిన్ కూడా ఉంది.

ఆంధ్రప్రదేశ్‌లో పట్టణ ఆరోగ్య కేంద్రంలో చూపించుకుని రిఫరల్ తీసుకోవచ్చు. విశాఖ కేజీహెచ్, తిరుపతి స్విమ్స్‌లలో ఎండోక్రైనాలజీ విభాగాలున్నాయి. ఆపరేషన్ అవసరమైతే అది తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఏపీలో ఎన్టీఆర్ వైద్యసేవ కింద వస్తుందో లేదో ఆసుపత్రిలోని మిత్ర కౌంటర్‌లో ముందే అడగాలి. పాత రిపోర్టులన్నీ తేదీల వారీగా ఒక ఫైల్‌లో పెట్టుకుంటే పరీక్షలు మళ్లీ చేయించే బాధ తప్పుతుంది.

మరి పిల్లులు, కుక్కల సంగతి?

పిల్లుల్లో ఈ వ్యాధిని 1979లో అమెరికాలో తొలిసారి వివరించారు. ఎక్కువగా పదేళ్లు దాటిన పిల్లుల్లో వస్తుంది. ఎప్పుడూ ఆకలంటూ తిరుగుతుంది, కానీ ఎముకలు తేలుతాయి. రాత్రిళ్లు అరుస్తుంది. వాంతులు, నీళ్లు ఎక్కువగా తాగడం, బొచ్చు చింపిరిగా మారడం కనిపిస్తాయి. ‘ముసలిదైనా హుషారుగా ఉంది’ అని మురిసిపోయే ఇళ్లలోనే ఇది ఆలస్యంగా బయటపడుతుంది.

డాక్టర్ గొంతు దగ్గర తడిమి చూసి, రక్తంలో టోటల్ టీ4 పరీక్ష రాస్తారు. దాంతోపాటు కిడ్నీ పరీక్షలు, బీపీ తప్పనిసరి. థైరాయిడ్ ఎక్కువగా ఉన్నంతకాలం కిడ్నీ జబ్బు దాని వెనక దాగి ఉంటుంది. చికిత్స మొదలయ్యాక బయటపడొచ్చు. చికిత్సకు మెథిమజోల్ లేదా కార్బిమజోల్ మాత్రలు, అయోడిన్ తగ్గించిన ప్రత్యేక ఆహారం, ఆపరేషన్, రేడియోఅయోడిన్ ఉన్నాయి. మనుషుల మాత్రను అంచనాతో విరిచి పెట్టొద్దు. గర్భిణులు పిల్లికి ఈ మాత్ర వేయాల్సి వస్తే చేతి తొడుగులు వాడాలి.

కుక్కల్లో ఎక్కువగా వచ్చేది థైరాయిడ్ తక్కువ కావడమే. హైపర్ కనిపిస్తే థైరాయిడ్ క్యాన్సర్ కావొచ్చు, లేదా తిండిలో కారణం ఉండొచ్చు. మాంసం దుకాణం నుంచి తెచ్చే గొంతు భాగం ముక్కల్లో పశువు థైరాయిడ్ గ్రంథి అంటుకుని ఉంటే, ఆ హార్మోన్ నేరుగా కుక్క ఒంట్లోకి చేరుతుంది. మనుషులకూ ఇలాగే జరిగింది. 1984-85లో అమెరికాలోని మిన్నెసోటా పరిసరాల్లో గొంతు భాగం కలిపిన బీఫ్ తిని 121 మంది జబ్బుపడ్డారు. తర్వాత అక్కడ ఆ భాగాన్ని వాడకుండా నిషేధించారు. కుక్కకు అలాంటి ముక్కలు పెడుతుంటే డాక్టర్‌కు ఆ విషయం ముందుగా చెప్పండి. తిండి మార్చితేనే తగ్గిపోవచ్చు.

హైదరాబాద్‌లో నారాయణగూడ ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ, ఏపీలో గన్నవరం, తిరుపతి వెటర్నరీ కాలేజీల్లో చూపించుకోవచ్చు.

మనిషికైనా, మూగజీవికైనా గుర్తు ఒకటే. తింటున్నా చిక్కిపోతుంటే, ఆ వారంలోనే ఒక రక్తపరీక్ష చేయించండి.